నల్లబడిన ఫ్రేము

చలనచిత్రంలో సెకనుకు 24 ఫ్రేములు. కంప్యూటరుతో కల్పించే దృశ్యాలలో ప్రతి ఫ్రేమునూ గణించి చిత్రించే భారాన్ని అనేక యంత్రాలు పంచుకునే ఏర్పాటే రెండర్ ఫార్మ్. 1995 నాటి 'టాయ్ స్టోరీ'కి 117 కంప్యూటర్లు ఈ విధంగా శ్రమించాయి.

రాత్రంతా సాగిన పనిని తెల్లవారి చూస్తే, నడుమ ఒక ఫ్రేము నల్లబడి ఉండవచ్చు. దృశ్యాన్నంతా తిరిగి చేయిస్తే మరొక రాత్రి వ్యర్థం. ఆ ఒక్కదానినే వేరొక యంత్రానికి అప్పగించాలి. సరిగా వస్తే లోపం మొదటి యంత్రానిది: మెమరీ చాలలేదో, ఫైలు అందలేదో. అంతటా చెడితే దోషం దృశ్యంలోనే ఉన్నది.

పొగ విషయం వేరు. దాని కదలిక గత ఫ్రేముపై ఆధారపడుతుంది. గతమెరుగని యంత్రాలు దేనికది లెక్కిస్తే, విడిగా ఏ ఫ్రేమూ తప్పనిపించదు. తెరపై మాత్రం పొగ ఎగిరెగిరి పడుతుంది! కనుక ఆ కదలికను ముందే ఒకచోట వరుసగా గణించి, ఫలితాన్ని యంత్రాలన్నింటికీ పంచాలి.