పిడికి ఎనిమిది పలకలు

టెన్నిస్ రాకెట్ పిడిని ఓసారి తడిమి చూడండి. గుండ్రంగా ఉండదు, ఎనిమిది పలకలుంటాయి. రాకెట్ పట్టిన చేతి వైపు నుంచి కొట్టే దెబ్బ, అంటే ఫోర్‌హ్యాండ్, అక్కడే మొదలవుతుంది. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకుంటే ఈస్టర్న్ గ్రిప్, కొత్తవాళ్లకు సుళువు. అరచేతిని ఇంకో పలక కిందికి జరిపితే సెమీ వెస్టర్న్. ఇప్పటి పెద్ద ఆటగాళ్లలో ఎక్కువమంది పట్టు ఇదే.

పట్టు తర్వాత బంతి. పిల్లలు నేర్చుకునే ఎర్ర బంతి మామూలు బంతి కంటే 75 శాతం నెమ్మది. ఆరెంజ్ 50, ఆకుపచ్చ 25 శాతం. నలభై ఏళ్లకు రాకెట్ పట్టినవాళ్లూ ఆకుపచ్చ బంతితో మొదలుపెట్టొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

తీగలకు బంతి అంటుకుని ఉండేది సెకనులో సుమారు రెండు వందలో వంతు. ఆ కాస్తలో దెబ్బను సరిదిద్దుకోవడం ఎవరి వల్లా కాదు. చేయాల్సిందంతా ముందే చేయాలి: భుజం తిప్పడం, బంతిని ఒంటికి ముందుగా అందుకోవడం.

కొంత చెయ్యి తిరిగాక టాప్‌స్పిన్. రాకెట్ కింది నుంచి పైకి లేస్తే బంతి ముందుకు దొర్లుతూ వెళ్తుంది, గాలి దాన్ని కిందికి నొక్కుతుంది. అందుకే నెట్ మీద బాగా ఎత్తుగా కొట్టినా కోర్టు లోపలే పడుతుంది. హైస్పీడ్ కెమెరాలతో లెక్కిస్తే అగస్సీ, సంప్రాస్‌ల ఫోర్‌హ్యాండ్ బంతి నిమిషానికి దాదాపు 1,800 చుట్లు తిరిగింది. నడాల్‌ది సగటున 3,200!

మన సానియా మీర్జా 2005లో సొంతూరు హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలైంది. 2007లో 27వ ర్యాంకు దాకా ఎక్కింది. ఆ ప్రయాణంలో ఆమె పెద్ద ఆయుధం ఫోర్‌హ్యాండే. 2008లో మణికట్టుకు ఆపరేషన్ అయ్యాక కూడా తిరిగొచ్చి డబుల్స్, మిక్స్‌డ్ కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. నాకు ఆ తిరిగిరావడమే గొప్పగా అనిపిస్తుంది. మీరు మాత్రం బలాన్ని మణికట్టులో వెతక్కండి. అది నేల నుంచి కాళ్లకు, నడుముకు, భుజానికి ఎక్కి, చేతికి చివర్న చేరుతుంది.

ఇంకొక్కటి. నెట్ కంబాల దగ్గర మూడున్నర అడుగులు, మధ్యలో మూడే. సింగిల్స్ కోర్టు నిలువు 78 అడుగులైతే మూల నుంచి మూలకు 82 దాటుతుంది. అంటే మూల నుంచి మూలకు కొట్టే క్రాస్‌కోర్ట్ దెబ్బకు నెట్ తక్కువ, చోటు ఎక్కువ. ఈసారి కోర్టుకు వెళ్తే మొదటి పది నిమిషాలు ఫోర్‌హ్యాండ్ క్రాస్‌కోర్టే కొట్టండి.