బట్టమేక ఏదీ?

పిల్లలూ! వానలు వెనుకబట్టాక, శరదృతువులో నంద్యాల జిల్లా రోళ్లపాడు పచ్చికబయళ్ల వెంట జీపులో వెళితే ఏం కనిపిస్తాయి? మెలితిరిగిన కొమ్ముల కృష్ణజింకలు తలెత్తి చూస్తాయి. మధ్య ఆసియా నుంచి వలస వచ్చిన పిల్లిగద్దలు గడ్డిమీద తక్కువ ఎత్తున ఎగురుతూ మిడతల్ని వేటాడతాయి.

కాని 1988లో ఏ పక్షి కోసం దీనిని అభయారణ్యం చేశారో, ఆ బట్టమేక కనిపించడం గగనమైంది. ఇది మీటరు ఎత్తు, 15 కిలోల వరకు బరువు తూగుతుంది. సాధారణంగా ఏడాదికి పెట్టేది ఒకటే గుడ్డు, అదీ నేలమీద! చుట్టుపక్కల గడ్డినేలలు పొలాలయ్యాయి. మరో ముప్పు కరెంటు తీగలు. కళ్లు తలకు పక్కల ఉండడంవల్ల ఎదుటి తీగ దానికి సరిగా ఆనదు. బరువైన ఒళ్లు గనుక చప్పున తప్పుకోలేదు. దేశం మొత్తంమీద మిగిలినవి సుమారు 150. గడ్డినేలను వట్టి బీడనుకోవడం ఎంత పొరపాటో చూశారా?