ముల్లర్ కణాల కథ

కర్రాబిళ్ళ ఆడుతుంటే బిళ్ళ ఎగిరివచ్చి కంటికి తగిలిందనుకోండి. కన్ను ఎర్రబడుతుంది, నీరు కారుతుంది, రెండు రోజుల్లో తగ్గిపోతుందిలే అనుకుంటాం. నా విద్యార్థి ఒకడు అలాగే అనుకుని ఇంట్లో చెప్పలేదు. వారం తర్వాత, చూపుకు ఒక పక్క నల్లని తెర దిగినట్లుందని నాతో అన్నాడు. వాడి కంట్లో రెటీనా వెనుకనున్న పొర నుంచి ఊడిపోయింది. డాక్టరుగారు ఆపరేషను చేసి అతికించారు గాని చూపు పూర్తిగా రాలేదు. "అతికించాక కూడా ఎందుకు రాలేదు సార్?" అని అడిగాడు వాడు. ఆనాడు సరిగ్గా చెప్పలేకపోయాను.

మీ పాఠ్యపుస్తకంలో రెటీనా బొమ్మ చూడండి. దండకణాలు, శంకుకణాలు, దృక్ నాడి ఉంటాయి. పందిరికి రాటల్లాగా రెటీనా మందమంతా నిలబడి ఉండే ఆధార కణాలను మాత్రం సాధారణంగా గీయరు. జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్రిష్ ముల్లర్ 1851లో వీటిని వర్ణించాడు. అందుకే వీటిని ముల్లర్ కణాలంటారు.

పేరుకు రాటలే గాని, ఇవి చేసే చాకిరీ అంతా ఇంతా కాదు. నాడీకణాలు సంకేతాలు పంపడానికి వాడే గ్లుటమేట్ ఎక్కువగా పోగుపడితే విషమవుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు పీల్చివేసేవి ఇవే. అంతేకాదు, వెలుతురు దండకణాలను చేరాలంటే ముందున్న నాడీకణాల పొరలన్నీ దాటాలి కదా! ముల్లర్ కణాలు ఆ వెలుతురును చెదరనీయకుండా గాజుతీగల్లా లోపలికి చేరవేస్తాయని 2007లో లైప్‌జిగ్ శాస్త్రజ్ఞులు గినీ పందుల రెటీనాలో చూపారు.

ఇక దెబ్బ సంగతి. రెటీనా ఊడగానే దండ, శంకు కణాలకు వెనుక నుంచి వచ్చే పోషణ తగ్గి, అవి చావనారంభిస్తాయి. ముల్లర్ కణాలు ఒకటి రెండు రోజుల్లోనే రంగంలోకి దిగుతాయి. లావెక్కుతాయి, బలమైన ప్రొటీను పోగులు అల్లుకుంటాయి, పక్క కణాలను కాపాడే పదార్థాలు విడుదల చేస్తాయి. ఇంతవరకూ మేలే. కాని ఆలస్యమైతే అవే చచ్చిన కణాల చోటును మచ్చగా పూడ్చేస్తాయి. రెటీనా మీదికి పాకి పొరగా ఏర్పడితే, ఆ పొర ముడుచుకుని రెటీనాను మళ్ళీ లాగేస్తుంది కూడా. మా వాడు పోగొట్టుకున్న ఆ వారం ఎంత విలువైనదో చూశారా! మెరుపులు కనిపించినా, తెర దిగినట్లున్నా, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

చక్కెర జబ్బులోనూ ఇవి ఇంతే. ప్రాణవాయువు చాలక, కొత్త రక్తనాళాలను మొలిపించే పదార్థాన్ని వదులుతాయి. ఆ నాళాలు చిట్లి కంట్లో రక్తం చిమ్ముతుంది.

ఇప్పుడు చేప కథ వినండి. అక్వేరియంలలో పెంచే జీబ్రా చేప మన దేశపు నదుల్లోదే. దాని రెటీనా దెబ్బతింటే ముల్లర్ కణాలు మచ్చ కట్టవు. విభజన చెంది, కొత్త నాడీకణాలను పుట్టిస్తాయి. కొన్ని వారాల్లో చేపకు చూపు తిరిగి వస్తుంది! చేపలో ఈ పనికి అవసరమైన ఒక జన్యువును 2017లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు ఎలుకల ముల్లర్ కణాల్లో పనిచేయించి, తోడుగా ఒక మందు ఇచ్చారు. పెద్ద ఎలుకల్లో సైతం కొత్త నాడీకణాలు పుట్టాయి, పక్కవాటితో కలిశాయి, వెలుతురుకు స్పందించాయి. అయితే అవి దండకణాలూ కావు, శంకుకణాలూ కావు. వాటి సంకేతాలను అందుకునే రకం. మనుషుల కళ్ళకు ఈ వైద్యం ఇంకా రాలేదు.