అది బద్ధకం కాదు, నిస్సత్తువ

ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన మనిషికి పట్నంలో కీమోథెరపీ మందు ఎక్కించి ఇంటికి తీసుకొస్తారు. రెండు రోజులు బాగానే తిరుగుతాడు. మూడో నాడో, నాలుగో నాడో మంచం ఎక్కుతాడు. చెంబుతో నీళ్లు పోసుకోవడం కూడా పెద్ద పనిగా తోస్తుంది. ‘‘కాస్త లేచి తిరగరాదూ’’ అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. చూడవచ్చిన చుట్టాలు మందే మనిషిని తినేస్తోందని పెదవి విరుస్తారు. ఈ రెండు మాటలూ రోగికి చేటే.

పొలం పని అలసట ఒక రాత్రి నిద్రతో పోతుంది. ఇది పోదు. జబ్బు కొంత సత్తువ లాగేస్తుంది, మందు మరికొంత. రక్తం తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. క్యాన్సర్ కణాలను చంపే మందు ఆ మూలుగను కూడా దెబ్బ తీస్తుంది. ఎర్రకణాలు తగ్గితే మనిషి పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడతాడు. తొలి రెండు రోజుల హుషారుకు చాలామందిలో కారణం వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్లు. అవి ఆపగానే నీరసం ముంచుకొస్తుంది.

తెల్లకణాలు సాధారణంగా మందు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఊళ్లో సూది వేయించి ఊరుకోరాదు. రాత్రయినా సరే పెద్దాసుపత్రికి చేర్చాలి.

పథ్యం పేరిట గుడ్డు, పప్పు, పెరుగు మాన్పించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అసలే తిండి సహించని మనిషికి అది మరో దెబ్బ. డాక్టరు వద్దంటే తప్ప అవన్నీ పెట్టవచ్చు. ఒకేసారి కంచం నిండా వడ్డించకుండా, రెండేసి గంటలకు కొంచెం కొంచెంగా పెడితే లోపలికి పోతుంది. బలానికని గ్లూకోజు సీసాలు ఎక్కించడం చాలాచోట్ల ఉన్న అలవాటే గానీ, ఈ నీరసం దానితో తీరదు.

వింతగా తోచినా, ఈ నిస్సత్తువకు కాస్త నడకే మేలు చేస్తుంది. రోజంతా పడుకుంటే కండ కరిగి ఇంకా నీరసిస్తారు. పొద్దున, సాయంత్రం వీధి చివరిదాకా నడిచినా చాలు. ఎముకలకు జబ్బు పాకినవారు, తల తిరిగేవారు మాత్రం ముందు డాక్టరును అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది డాక్టరు గదిలో చెప్పే జవాబు. ‘‘పగలు ఎంతసేపు పడుకుంటున్నాడు?’’ అని అడగడం ఊసుపోక కాదు. మెలకువగా ఉండే సమయంలో సగానికి పైగా మంచం మీదే గడుస్తుంటే మందు మోతాదు తగ్గించాలా, వాయిదా వేయాలా, ఆపాలా అని ఆలోచిస్తారు. ముదిరిన దశలో ఈ మందు ఉద్దేశం సాధారణంగా జబ్బును వేళ్లతో పెకలించడం కాదు. ఆయుష్షు పెంచి, బాధ తగ్గించడం. వైద్యం ఆపేస్తారేమోనన్న భయంతో ఇంటివారు ‘‘బాగానే ఉన్నాడండి’’ అంటారు. రోగి కూడా తల ఊపుతాడు. తట్టుకోలేని ఒంటికి మళ్లీ అదే మోతాదు పడుతుంది. సరిచేయదగిన రక్తహీనత, నొప్పి, నిద్రలేమి, దిగులు బయటికి రాకుండానే పోతాయి. అవసరమైతే రక్తం ఎక్కిస్తారు, నొప్పికి మందు మారుస్తారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో ఇలాంటి బాధలు తగ్గించే ఊరట వైద్యం ఉంది.

కీమో మందు చాలామందికి మూడు వారాలకోసారి ఉంటుంది. ఏ రోజు లేవలేకపోయాడు, ఏ రోజు నడిచాడు, ఎంత తిన్నాడు అన్నది ఇంట్లోని క్యాలెండర్ మీద గుర్తు పెట్టి, ఆ కాగితాన్ని రిపోర్టుల సంచిలో పెట్టుకుని వెళితే డాక్టరు అడిగినదానికి సరైన జవాబు దొరుకుతుంది.