తుంపర ముందు పడుతుందా, ఆరుతుందా?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆమె ఒక ప్రైవేటు బ్యాంకు శాఖలో పనిచేస్తారు. వానాకాలం జ్వరాలు మొదలైన దగ్గర్నుంచీ ప్రతి శనివారం సాయంత్రం కాంట్రాక్టరు మనిషి వచ్చి కౌంటర్లు, కుర్చీలు, తలుపు పిడులు అన్నిటికీ మందు కొట్టి పోతున్నాడట. "అయినా ఈ నెల మా స్టాఫులో సగం మంది ఫ్లూతో సెలవు పెట్టారు. మందు కల్తీదంటారా?" అని అడిగారు.

మందు అసలుదే అయి ఉంటుంది. కొట్టిన చోటే సరైంది కాదు.

ఫ్లూ తెచ్చేది ఇన్‌ఫ్లుయెంజా వైరస్. మన దగ్గర అది వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర ఇంకోసారి విజృంభిస్తుంది. స్టీలు మీదా ప్లాస్టిక్ మీదా ఒకటి రెండు రోజులు బతకగలదు కానీ, అక్కణ్నుంచి చేతికి అంటుకున్నాక 5 నిమిషాలకు మించి నిలవడం కష్టం. కాబట్టి చేతులు కడుక్కోండి, కౌంటర్లు తుడవండి, కాదనను. ఆ మాట అంతటితో వదిలేసి అసలు సంగతికి వస్తాను.

దగ్గినా, మాట్లాడినా, కౌంటరు అవతల నుంచి టోకెన్ నంబరు పిలిచినా నోట్లోంచి తుంపరలు పడతాయి. కంటికి కనిపించేవి వాటిలో ఏ కొద్దో. మిగతావాటిని మైక్రాన్లలో కొలవాలి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నోరు దాటిన క్షణంలోనే ప్రతి తుంపరకూ రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి కింద పడటం, రెండోది ఆరిపోవటం. ఏది ముందు పూర్తయితే దాన్నిబట్టి వైరస్ నేల మీదికి పోతుందా, పక్క కుర్చీలో మనిషి ఊపిరిలోకి పోతుందా అన్నది తేలుతుంది.

ఈ పందేన్ని లెక్కగట్టి చూపినవాడు విలియం ఫర్త్ వెల్స్ అనే అమెరికన్ శానిటరీ ఇంజినీరు. 1934లో ఆయన గీసిన గ్రాఫు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. తుంపర అడ్డుకొలత సగమైతే అది నేల చేరడానికి 4 రెట్ల సమయం కావాలి. ఆరడానికి పట్టే సమయమేమో నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక గీత ఎక్కుతుంటే ఇంకోటి దిగుతుంది, మధ్యలో ఎక్కడో కోసుకోక తప్పదు. వెల్స్ లెక్కలో అవి దాదాపు 100 మైక్రాన్ల దగ్గర కోసుకున్నాయి. అంతకన్నా పెద్దవి 5, 6 సెకన్లలో తడితడిగానే నేల మీదో బల్ల మీదో పడతాయి. చిన్నవి దారిలోనే ఆరతాయి. 50 మైక్రాన్ల తుంపర నోటి ఎత్తు నుంచి నేలకు దిగాలంటే 20 సెకన్లు కావాలి; ఓ మోస్తరు తేమ ఉన్న గాలిలో 4 సెకన్లకే దాని నీళ్లు ఆవిరైపోతాయి. ఇక మిగిలేది కాస్త ఉప్పు, కాస్త ప్రోటీను, వాటి మధ్య ఇరుక్కున్న వైరస్. దీన్ని గింజ అందాం.

ఈ గింజ పడటం అంటూ ఉండదు. 10 మైక్రాన్లదైతే నేల చేరడానికి 8 నిమిషాలు, 5 మైక్రాన్లదైతే అరగంట, 1 మైక్రానుదైతే 12 గంటలు. అదీ గాలి బొత్తిగా కదలకపోతే. మనుషులున్న గదిలో గాలి కదలకపోవడమా? మన ఒంటి వేడికి పైకి లేచే గాలే దాన్ని మళ్లీ ఎత్తేస్తుంది. ఒక మూల వెలిగించిన అగరొత్తి పొగలాగా గదంతా పాకుతుంది.

ఇంత స్పష్టమైన లెక్కను వైద్యలోకం ఎనభై ఏళ్లకు పైగా ఎందుకు పక్కనపెట్టింది? కథ వెల్స్ కన్నా ముందే మొదలైంది. అమెరికాలోని ప్రావిడెన్స్ నగర ఆరోగ్యాధికారి చార్లెస్ చాపిన్ 1910లో ఒక పుస్తకం రాసి, రోగాలు గాలిలో రావు, తాకిడితోనే వస్తాయని గట్టిగా వాదించాడు. గాలి అంటే జనం చేతులెత్తేస్తారు, శుభ్రత మానేస్తారు అన్నది ఆయన బెంగ. పట్టణమంతా ఆ మాటే పట్టుకుంది, తర్వాత దేశమంతా. తమాషా ఏమిటంటే రోగి ఉన్న గదులకు పొగబెట్టడం వృథా అని చెప్పిందీ ఈ చాపినే. ఇవాళ ఆఫీసుల్లో ఫాగింగ్ చేయించేవాళ్లు ఆయన తప్పును ఉంచుకుని ఒప్పును పారేశారు.

రెండో తప్పు ఇంకా విడ్డూరం. క్షయ క్రిమి రోగం తేవాలంటే ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరాలి. అంత లోపలికి 5 మైక్రాన్ల లోపు గింజలే పోగలవు. ఆ 5 అన్న అంకె ఎలాగో క్షయను వదిలేసి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 5 దాటిన తుంపర ఏదైనా ఒకటి రెండు మీటర్లలో పడిపోతుందని డాక్టర్లు తరాలుగా బట్టీపట్టారు. వెల్స్ గీసిన హద్దు 100! ఈ గందరగోళం మూలాన్ని లిన్సీ మార్, కేటీ రాండల్ తదితర పరిశోధకులు పాత కాగితాలు తవ్వి బయటపెట్టేసరికి కోవిడ్ వచ్చేసింది. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ప్రకటించింది. 2024 ఏప్రిల్‌లో అదే సంస్థ ఆ 5 మైక్రాన్ల గోడను పక్కనపెట్టింది.

ఫ్లూ విషయంలో సాక్ష్యం అంతకు చాలా ముందే ఉంది. 1977లో అలాస్కాలో 54 మంది ఉన్న విమానం ఇంజను చెడి 3 గంటలు నేల మీదే నిలిచిపోయింది. గాలి సరఫరా యంత్రం పనిచేయలేదు. లోపల ఒక ప్రయాణికురాలికి ఫ్లూ. 72 గంటల్లో ప్రయాణికుల్లో నూటికి 72 మంది మంచమెక్కారు. లోపల ఎక్కువసేపు కూర్చున్నవాళ్లకే ఎక్కువగా వచ్చింది. ఇంకా వెనక్కి పోతే, 1957–58 ఏషియన్ ఫ్లూ రోజుల్లో కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ఆస్పత్రిలో ఒక భవనంలో పైకప్పు కింది గాలి మీద పడేలా అతినీలలోహిత దీపాలు పెట్టారు. అక్కడ రోగుల్లో ఫ్లూ సోకింది 2 శాతానికి; దీపాల్లేని చోట 19 శాతానికి. ఆ దీపాల ఆలోచన వెల్స్‌దే. బళ్లలో తట్టు మీద ఆయన పద్ధతి ఫిలడెల్ఫియాలో ఫలించింది, న్యూయార్క్ పల్లెల్లో తేలిపోయింది. అక్కడి పిల్లలు ఒకే బస్సులో కిక్కిరిసి బడికి వచ్చేవారు, బస్సులో దీపాల్లేవు! అయినా తప్పు దీపాలదే అన్నారు.

ఇప్పుడు బ్యాంకు సంగతి. గోడకున్న స్ప్లిట్ ఏసీ చూడండి. చాలామంది అది బయటి గాలిని చల్లబరిచి లోపలికి తెస్తుందనుకుంటారు. తేదు. గదిలో గాలినే పైనుంచి పీల్చి, చల్లబరిచి, కిందినుంచి వదులుతుంది. గోడ దాటి బయటికి పోయేవి వేడీ, డ్రెయిన్ పైపులోంచి బొట్లు బొట్లుగా కారే నీళ్లూ మాత్రమే. ఆ నీళ్లు గదిలోని తేమే. గాలిలో తేమ తగ్గితే తుంపర ఇంకా తొందరగా ఆరి గింజవుతుందని వేరే చెప్పాలా? ఏసీ ముందు మూత ఎత్తితే ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. కడిగితే బూడిదరంగు పీచు, వెంట్రుకలు ఊడి వస్తాయి. దాని కన్నాలు కంటికే కనిపిస్తున్నాయి, మైక్రాను గింజకు అదేం అడ్డు?

ఇన్ని కట్టడాలు కట్టుకుంటాం, తెరుచుకునే కిటికీ ఒక్కటీ పెట్టం. అద్దాల మేడ అంటే మోజు. ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యానుకు కూడా చల్లదనం పోతుందని అట్టముక్క అతికిస్తాం. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2023లో గంటకు కనీసం 5 సార్లు గది గాలి మారాలని, లేదా అంతకు సమానంగా శుభ్రపడాలని చెప్పింది. గాలి బాగా కలిసే గదిలో ఆ లెక్కన మొదటి 12 నిమిషాల్లోనే దాదాపు మూడింట రెండొంతుల గింజలు పోతాయి.

ఆమెకు నా జవాబు ఇదీ. అట్టముక్క పీకించి, ఎగ్జాస్ట్ ఫ్యాను పనివేళలంతా తిప్పించండి. గాలి లోపలికి రావడానికి ఎదుటి వైపు కిటికీ జానెడు తెరిచి ఉంచండి, లేకపోతే ఫ్యాను ఉత్తినే తిరుగుతుంది. కిటికీయే లేకపోతే హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయరు, గది కొలతకు తగ్గది పెట్టించండి. కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరు ఒకటి కొనండి. బయటి గాలిలో అది 420 పీపీఎం (పది లక్షల్లో వంతులు) పైచిలుకు, మనం వదిలే ఊపిరిలో 40,000 దాకా. కౌంటరు దగ్గర 1,000 దాటిందంటే పక్కవాళ్లు వదిలిన గాలినే మీరు పీలుస్తున్నారని లెక్క. ప్యూరిఫయరు ఈ అంకెను తగ్గించదు, గింజల్నే పడుతుంది. మీటరు చూసి అది పనిచేయట్లేదనుకోకండి. కరెంటు బిల్లు కొంచెం పెరుగుతుంది. శనివారం ఫాగింగ్ కాంట్రాక్టు ఆపితే ఆ ఖర్చు పూడుతుందో లేదో మీ మేనేజరు గారినే లెక్కవేయమనండి.