థైరాయిడ్ గోళీ, ఐరన్ గోళీ కలిపి మింగుతున్నారా?

మా బెల్లంపల్లిలో మా అక్కకు ఇప్పుడు ఐదో నెల. పొద్దున లేవంగనే థైరాయిడ్, ఐరన్, కాల్షియం, గ్యాస్ గోళీలన్నీ ఒక్కసారే చాయ్‌తో మింగేది. ఒక్కరోజు కూడా మానలేదు, అయినా టీఎస్‌హెచ్ తగ్గలేదు. ఎందుకు?

నా భాషలో చెప్తా: కోడ్ కరెక్టే, రన్ చేసిన టైమే తప్పు. ఆశా అక్క ఇచ్చే గోళీలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటది. ఆ ఐరన్, కాల్షియం కలిసి థైరాక్సిన్‌ను కడుపులోనే పట్టేస్తాయి, రక్తంలోకి పోనియ్యవు. చాయ్ కూడా అడ్డమే. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ గోళీ కడుపులో ఆమ్లం తగ్గిస్తుంది, అప్పుడు థైరాక్సిన్ సరిగ్గా కరగదు.

అందుకే థైరాక్సిన్ పరగడుపున, మంచినీళ్లతో వేసుకోవాలి. చాయ్, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే. ఐరన్, కాల్షియం 4 గంటలు ఆగి వేసుకోవాలి. ఆ రెండింటి మధ్య కూడా 2 గంటల గ్యాప్ ఉండాలి.

కడుపులో బిడ్డ మెదడు ఎదగాలంటే అమ్మ థైరాయిడ్ హార్మోన్ కావాలి. కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఏ గోళీ మీ అంతట మీరు ఆపొద్దు. ఈసారి చెకప్‌కు పోయినప్పుడు గోళీల షీట్లన్నీ తీసుకపోయి డాక్టర్‌కు చూపించి, ఏది ఎప్పుడు వేసుకోవాలో రాయించుకోండి. ఆ టైములకు ఫోన్‌లో అలారం మీరే పెట్టివ్వండి. ఉంటా మరి!