గడప దాటలేని చుట్టం

కొత్త ఇంటి ప్లాను చేతికి రాగానే మనం ఏం చూస్తాం? వంటిల్లు ఆగ్నేయంలో ఉందా, పూజకు చోటుందా, బీరువా పడుతుందా! చక్రాల కుర్చీలో వచ్చే చుట్టం లోపలికి రాగలదా, చేతికర్రతో నడిచే అత్తగారు బాత్‌రూముకు వెళ్ళగలరా అని అడిగేవాళ్ళం ఎందరం?

ఇంగ్లండులో ఈ ప్రశ్న చట్టమే అడుగుతుంది. అక్కడి భవన నిర్మాణ నిబంధనల్లో ‘ఎం’ భాగమని ఒకటుంది. మొదట్లో అది ఆఫీసులు, దుకాణాల వంటివాటికే. 1999 నుంచి కొత్తగా కట్టే ఇళ్ళకు కూడా వర్తింపజేశారు. కోరేది చిన్నదే: నడవలేని మనిషి కూడా ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, కాసేపు కూర్చుని, అవసరమైతే మరుగుదొడ్డికి వెళ్ళి రాగలగాలి.

ఆ చిన్న కోరికే ఇంటి రూపాన్ని మార్చింది. వీధి తలుపు తెరిస్తే కనీసం 775 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులకు కాస్త పైన, ఖాళీ ఉండాలి. గడప ఎత్తు 15 మిల్లీమీటర్లు దాటకూడదు. మరి వాన నీళ్ళు లోపలికి రావా అంటారేమో! తలుపు ముందు సన్నని కాలువ తీసి, పైన జాలీ వేస్తారు. మరుగుదొడ్డి మేడమీద ఉంటే చాలదు, వీధి తలుపున్న అంతస్తులోనే ఒకటి ఉండాలి. స్విచ్చులు, ప్లగ్గులు నేలకు ఒకటిన్నర నుంచి నాలుగడుగుల ఎత్తులోనే బిగించాలి. వంగలేనివారికీ అందుతాయి, కూర్చున్నవారికీ అందుతాయి.

2015లో ఇంకా మెరుగైన తరగతులు రెండు చేర్చారు. స్థానిక పాలక సంస్థ కోరిన చోట వాటిని పాటించాలి. ఆ ఇళ్ళలో స్నానాలగది గోడలు ముందే గట్టిగా కడతారు. రేపు పట్టుకోవడానికి కడ్డీ బిగించాలంటే గోడ పగలగొట్టే పని ఉండదు.

ఇదంతా వికలాంగుల కోసమేనని అనుకోకండి. నిండు చూలాలికీ, చంటిబిడ్డ బండి తోసే తల్లికీ, కాలు బెణికిన మనకూ అదే వాకిలి కదా!

మన దేశంలోనూ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. నియమాలకు లోబడని ప్లానులతో భవనాలు కట్టడానికి సంస్థలకు అనుమతి ఇవ్వరాదని అది చెబుతుంది. సొంతానికి కట్టుకునే ఇంటి సంగతి మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. ప్లాను గీసేటప్పుడే నోరు విప్పండి. బాత్‌రూము తలుపు వెడల్పు ద్వారబంధం పోను కొలవమనండి. మెట్ల పక్కన, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు చొప్పున ఏటవాలు దారికి చోటు వదలమనండి. గోడలు లేచాక ఇవే పనులు చేయించాలంటే ఖర్చూ, దుమ్మూ, నెలల తరబడి గొడవా. పైగా అప్పటికి ఇంట్లో ఎవరో మంచాన పడి ఉంటారు.